మన ఒంటికి రేటు కట్టేదెవరు? – నష్టపరిహారం తీర్పుల మీద కొన్ని ప్రశ్నలు

దళిత విమర్శ ఇప్పటిదాకా ఎక్కువగా కథనీ, కవిత్వాన్నీ, నవలనీ పట్టుకుంది. అందులో ఎవరి బతుకు ఉంది, ఎవరి బతుకు లేదు అని నిలదీసింది. అదే ప్రశ్న కోర్టు తీర్పుని పట్టుకుని కూడా అడగాలని మా ఉద్దేశం. తీర్పు కూడా రాతే. అందులోనూ మనుషులుంటారు, వాళ్ల ఇల్లూ వాకిలీ ఉంటాయి, వాళ్ల గురించి రాసేవాడి అంచనాలుంటాయి. తేడా ఒక్కటే. నవలలో కూలివాడి చెయ్యి తెగితే చదివినవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. తీర్పులో తెగితే లెక్క కడతారు. ఆ లెక్క ఎలా కడుతున్నారన్నదే ఈ వ్యాసం.

దళితులూ నష్టపరిహారమూ అనగానే కారంచేడు (1985), చుండూరు (1991) గుర్తొస్తాయి. అవి కావాలని చేసిన హత్యలు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం, 1995 నిబంధనలు, వాటి కింద ఇచ్చే సాయం మీద చర్చ జరిగింది, ఇంకా జరగాలి. మేము ఇక్కడ మాట్లాడేది ‘ఎవరూ కావాలని చెయ్యలేదు’ అనే గాయాల గురించి. బండి బోల్తా పడటం, చెరువు దగ్గర కరెంటు షాకు కొట్టడం, ఆపరేషను వికటించడం. వీటికి ‘ప్రమాదం’ అని పేరు పెట్టారు. ప్రమాదానికి కులం ఏముంటుందండీ అంటారు. ఉంటుందని మా వాదన. గాయం తగిలేచోటా ఉంటుంది, గాయానికి వెల కట్టేచోటా ఉంటుంది.

1. లోడు మీద కూర్చున్నది ఎవరు?

చెన్నై – కోల్‌కతా జాతీయ రహదారి ఏలూరు దాటి వచ్చాక గుండుగొలను దగ్గర రెండుగా చీలుతుంది. పాత దారి తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా పోతుంది. కొత్తగా వేసిన నాలుగు వరసల దారి దేవరపల్లి మీదుగా కొవ్వూరు పోతుంది. కింద కొల్లేరు, చేపల చెరువులు. పైన మెట్ట, తోటలు. పల్లపోళ్లు మెట్టకీ, మెట్టోళ్లు పల్లానికీ పనికోసం తిరిగే దారులు ఇవి. ఆటోలో పదిమంది, ట్రాక్టరు తొట్టిలో ఇరవైమంది, సరుకు బండి మీద బస్తాల పైన మిగతావాళ్లు.

2024 సెప్టెంబరు 10 రాత్రి దేవరపల్లి మండలంలో ఒక మినీ లారీ బోల్తా పడింది. ఏలూరు జిల్లా టి.నరసాపురం మండలం బొర్రంపాలెం నుంచి నిడదవోలు మండలం తాడిమళ్లకి జీడిపిక్కల బస్తాలు తీసుకెళ్తున్న బండి. బస్తాల మీద కూర్చున్న కూలీలు ఆ బస్తాల కిందే పడ్డారు. ఏడుగురు పోయారు. పేపర్లన్నీ ‘ఘోర ప్రమాదం’ అని రాశాయి. మేము అడిగేది ఏమిటంటే, సరుకు ఎక్కించినవాడు సరుకు మీదే కూర్చుని రావాలన్న ఏర్పాటు ఎవరిది?

ఇలాంటి బండ్ల విషయంలో చట్టం ఏమంటుందో చూడండి. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. 1994 సవరణలో, సరుకు బండిలో ప్రయాణించే ‘సరుకు యజమాని’కి గానీ అతని ప్రతినిధికి గానీ ఇన్సూరెన్సు వర్తిస్తుందని చేర్చారు. బండి యజమాని దగ్గర పనిచేసేవాడికి కార్మికుల పరిహారం మేరకు రక్షణ ఉంది. ఈ రెంటికీ చెందకుండా సరుకు బండి ఎక్కినవాడికి కంపెనీ ఇవ్వనక్కర్లేదని ఆశారాణి కేసులో (2002) సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడు జీడిపిక్కల మీద కూర్చున్న కూలీ ఎవరు? సరుకు యజమాని కాదు. బండి యజమాని కూలీనా, తోట యజమాని కూలీనా, వ్యాపారి కూలీనా? మేస్త్రీ పిలిస్తే వచ్చాడు, ఎవరి కూలీయో రాసిన కాయితం ఎక్కడా లేదు. చట్టంలో సరుకుకి యజమాని ఉన్నాడు, బండికి యజమాని ఉన్నాడు. వాటి మధ్య మనిషికి మాత్రం స్థానం కోసం వెతుక్కోవాల్సి వస్తోంది.

బ్రిజ్ మోహన్ కేసులో (2007) ట్రాక్టరు తొట్టి మీంచి పడిన మట్టిపని కూలీకి చట్ట ప్రకారం కంపెనీ బాధ్యత లేదంటూనే, ముందు కంపెనీ డబ్బు కట్టి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని సుప్రీంకోర్టు చెప్పింది. తన ప్రత్యేక అధికారం, 142వ అధికరణ, వాడి చెప్పింది. న్యాయమే జరిగింది. అయితే ఆ న్యాయం మామూలు చట్టంలో దొరకలేదు, ప్రత్యేకంగా దయతలిస్తే దొరికింది. ఊళ్లో మన బతుకూ ఇలాగే కదా నడిచింది!

2. వెయ్యి రూపాయల తేడా

రోడ్డు ప్రమాదంలో మనిషి పోతే పరిహారం ఎంతన్నది ఇప్పుడు సరళా వర్మ (2009), ప్రణయ్ సేథీ (2017) తీర్పుల ప్రకారం లెక్క కడతారు. లెక్క కష్టమేమీ కాదు, ప్లీడరు గుమాస్తాలకే వదిలెయ్యక్కర్లేదు. మనమూ వేసి చూద్దాం.

చనిపోయినవాడికి 30 ఏళ్లు, ఇంట్లో అతని మీద ఆధారపడ్డవాళ్లు నలుగురు అనుకోండి. అతని నెల ఆదాయం 9,000 అని ట్రిబ్యునల్ ఒప్పుకుంటే, సొంతంగా బతికేవాడికి నలభై ఏళ్లలోపు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలుపుతారు. 12,600 అయింది. అతని సొంత ఖర్చుకింద నాలుగోవంతు తీసేస్తారు. 9,450 మిగిలింది. ఏడాదికి 1,13,400. ఆ వయసుకి గుణకం 17. మొత్తం 19,27,800. అదే మనిషికి ‘ఆదాయం రుజువు లేదు’ అని నెలకి 6,000 వేస్తే మొత్తం 12,85,200. నెలకి ఒక్క వెయ్యి తగ్గితే పిల్లలకి 2,14,200 తగ్గుతుంది. పరిహారం కేసులో అసలు యుద్ధం ఈ మొదటి అంకె దగ్గరే జరుగుతుంది.

ఉద్యోగస్తుడికి జీతం చీటీ ఉంటుంది. వ్యాపారికి పన్ను రిటర్ను ఉంటుంది. నాట్లు వేసే ఆవిడకి, చేపల పట్టుబడికి వలలాగే అతనికి ఏముంటుంది? రామచంద్రప్ప కేసులో (2011) ఒక కూలీ నెలకి 4,500 వస్తుందంటే ట్రిబ్యునల్ 3,000కి కోసింది. కూలివాడు కాయితాలు చూపించాలని అడగడం సరికాదని సుప్రీంకోర్టు 4,500 ఒప్పుకుంది. కాలు పోయిన కూరగాయల వ్యాపారి కేసులో (సయ్యద్ సాదిక్, 2014) కూడా అదే మాట అంది. ఇవి మనం పట్టుకోవలసిన తీర్పులు. అయితే ఆ మనుషులు సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగారు కాబట్టి ఆ పదిహేను వందలు దక్కాయని మరిచిపోకూడదు.

అసలు ప్రశ్న ఇంకా లోపల ఉంది. రుజువు దొరికిందనే అనుకుందాం. ఆ కూలి రేటు ఎక్కణ్ణుంచి వచ్చింది? భూమి ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నదాన్నుంచి వచ్చింది. ఒకే చేలో మగాడికి ఒక రేటు, ఆడదానికి ఇంకో రేటు అన్నదాన్నుంచి వచ్చింది. ‘నష్టం’ అంటే పోయిన సంపాదన అని చట్టం అర్థం చెప్పుకున్నప్పుడు, బతికుండగా జరిగిన అన్యాయాన్ని అలాగే తీసుకుని చచ్చాక 17తో గుణిస్తోంది. కులం కట్టిన కూలిని కోర్టు ‘వాస్తవం’ అంటోంది.

పిల్లల విషయంలో ఇది పూర్తిగా బట్టబయలవుతుంది. 1989లో జంషెడ్‌పూర్‌లో టాటా కంపెనీ ఉత్సవంలో అగ్నిప్రమాదం జరిగింది. లతా వాధ్వా కేసులో (2001) సుప్రీంకోర్టు ఆ పిల్లలు కుటుంబానికి ఏడాదికి అందించగలిగేదాన్ని 12,000 నుంచి 24,000కి పెంచింది. కారణం, టాటా ఉద్యోగి పిల్లల్లో ఒకరికి ఆ కంపెనీలో ఉద్యోగం ఇచ్చే ఆనవాయితీ ఉండటం. 1995లో బియాస్ నదిలో మునిగిపోయిన డల్హౌసీ పబ్లిక్ స్కూలు పిల్లల కేసులో (2001) ఒక్కొక్కరికి 5 లక్షలు సబబేనంటూ ఆ కుటుంబాల కలిగిన స్థితిని కూడా లెక్కలోకి తీసుకుంది. ఇదే కాలంలో సంపాదన లేనివాడికి మోటారు వాహనాల చట్టం రెండో షెడ్యూలు కట్టిన ఊహాదాయం ఏడాదికి 15,000. 1994లో పెట్టిన ఆ అంకె 2018 దాకా షెడ్యూల్లో అలాగే ఉంది. ఆ తల్లిదండ్రులకి వచ్చింది ఎక్కువని మేము అనడం లేదు. తండ్రి ఉద్యోగం కొడుక్కి వస్తుందని కోర్టు నమ్మితే, తండ్రి కూలి కూడా కొడుక్కి వస్తుందని నమ్మినట్టే కదా అంటున్నాం. పుట్టుకని బట్టి భవిష్యత్తు రాసిపెట్టడాన్ని మనం ఇంకో పేరుతో పిలుస్తాం.

సమానంగా లెక్కపెట్టడం కోర్టుకి చేతకాదా? చేతనవును. ప్రణయ్ సేథీ తీర్పులోనే భార్యాభర్తల తోడు పోయినందుకు 40,000, అంత్యక్రియలకి 15,000, ఆస్తి నష్టానికి 15,000 అని అందరికీ ఒకటే కట్టారు. మూడేళ్లకోసారి పదేసి శాతం పెంచమన్నారు. ఇంజనీరు భార్య దుఃఖానికీ కూలీ భార్య దుఃఖానికీ ఒకటే రేటు పెట్టగలిగినప్పుడు, ఏ మనిషి ప్రాణానికైనా ఇంతకంటే తగ్గకూడదని కింది గీత గీయలేరా?

3. బొటనవేలు 30 శాతం

ఏకలవ్యుడి బొటనవేలికి ఎవరూ రేటు కట్టలేదు. 1923 కార్మికుల పరిహార చట్టం కట్టింది. బొటనవేలు 30 శాతం, చూపుడు వేలు 14, మధ్యవేలు 12, ఉంగరపు వేలు గానీ చిటికెన వేలు గానీ పోతే 7. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి ఆ చట్టం స్థానం తీసుకుంది. వేళ్ల పట్టిక మాత్రం కోడ్‌లోకీ వచ్చింది. పట్టిక ఉండటం చెడ్డదని అనం. యజమాని తప్పుందని రుజువు చెయ్యకుండానే డబ్బు వచ్చే దారి అది. వలస పాలనలోనే అయినా కార్మికులకి దక్కిన హక్కు.

మా అభ్యంతరం ఆ పట్టిక ఎవరి చేతిని చూసి రాశారన్న దగ్గర. అది ఫ్యాక్టరీ చెయ్యి. ఆ చట్టం జాబితాలో ట్రాక్టరుతోనో, కరెంటుతోనో, ఇంకేదైనా యంత్రంతోనో చేసే వ్యవసాయానికి విడిగా చోటుంది. తాటిచెట్టు ఎక్కేవాడికి జాబితాలో చోటుంది. ఏనుగుల్ని సాకేవాడికి ఉంది. కొడవలితో కోసే ఆవిడా, బురదలో నాట్లు వేస్తూ పాము కాటు తిన్న ఆవిడా తమ చోటు వెతుక్కోవాలి. ‘తాత్కాలిక కూలీ’ని మినహాయించే మాటని 2000 సవరణలో తీసేశారు, మంచిదే. అయినా కొల్లేటి గట్ల మీద చెరువు ఒకడిది, లీజు ఇంకొకడిది, కాపలా పెట్టింది మూడోవాడు. మోటారు దగ్గర షాకు కొట్టి పోయినవాడి భార్య ఎవరిని ‘యజమాని’ అని కాయితంలో రాయాలి?

రాజ్ కుమార్ కేసులో (2011) సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. అంగవైకల్యం శాతం వేరు, సంపాదించే శక్తి పోయిన శాతం వేరు. ఎడమచెయ్యి పోతే గుమాస్తా ఉద్యోగం పోకపోవచ్చు, వడ్రంగికీ డ్రైవరుకీ బతుకే పోతుంది. మోటారు ప్రమాదం కేసుల్లో వర్తించే మాట ఇది. కాబట్టి సదరం సర్టిఫికెట్లో 40 శాతం అని ఉంటే 40 శాతానికే సర్దుకోవద్దు. ‘నేను చేసే పని ఇది, ఈ చేత్తో ఇక చెయ్యలేను’ అని సాక్ష్యంలో చెప్పాలి, డాక్టరు చేత చెప్పించాలి.

4. ఓపీ చీటీ వాడు వినియోగదారుడు కాడు

ఇక ఆస్పత్రి. 1995లో వి.పి.శాంత కేసులో వైద్యం కూడా ‘సేవ’ అనీ, రోగి వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చనీ సుప్రీంకోర్టు అంది. చాలా పెద్ద తీర్పు. అందులోనే ఒక గీత గీసింది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రి ఈ చట్టం కిందికి రాదు. నామమాత్రంగా చీటీ డబ్బు తీసుకున్నా రాదు. 2019లో కొత్త వినియోగదారుల చట్టం వచ్చాక కూడా ఆ గీత చెరగలేదు. అంటే పి.హెచ్.సి.కి పోయేవాడు, పెద్దాస్పత్రిలో ఓపీ చీటీ పట్టుకుని నిలబడేవాడు వినియోగదారుడు కాడు. డబ్బిస్తేనే హక్కు. ఇవ్వలేనివాడికి సివిల్ దావా, లేదా హైకోర్టులో రిట్. ప్రభుత్వాస్పత్రిలో ఎవరు ఎక్కువగా ఉంటారో మేము చెప్పాలా!

ఆ దారుల్లో వెళ్లినవాళ్లకి ఏం వచ్చిందో చూడండి. 1992లో బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైల్లోంచి పడ్డాడు. ప్రభుత్వాస్పత్రులు ఒకదాని తర్వాత ఒకటి మంచం లేదని తిప్పి పంపాయి. వ్యవసాయ కూలీల సంఘం సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1996లో, అత్యవసర వైద్యం నిరాకరించడం జీవించే హక్కుని కాలరాయడమేనంది కోర్టు. పరిహారం 25,000. హర్యానాలో ఏడుగురు పిల్లల తల్లి, కూలి చేసుకునే ఆవిడ, ప్రభుత్వాస్పత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషను సరిగా చెయ్యకపోతే సివిల్ దావా వేసి గెలిచింది. 2000లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది 54,000. తర్వాత శివరామ్ కేసులో (2005) ఆపరేషను విఫలమైనంత మాత్రాన పరిహారం రాదు, నిర్లక్ష్యం రుజువు చెయ్యాలంది.

ఇటు వినియోగదారుల కేసుల వైపు చూడండి. హైదరాబాదులో నిమ్స్ కేసు. 1990లో ఇంజనీరింగ్ విద్యార్థి ఆపరేషనుకి వెళ్లి కాళ్లు పడిపోయి బయటికొచ్చాడు. 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇమ్మంది. తన కేసు తానే వాదించుకున్నాడు. కునాల్ సాహా కేసులో (2013) దాదాపు 6 కోట్లు, దానిపైన వడ్డీ. చనిపోయినావిడ అమెరికాలో సంపాదించగలిగేదాన్ని లెక్కలోకి తీసుకున్నారు. ఈ ఇద్దరూ ఏళ్ల తరబడి పోరాడారు, వాళ్ల గెలుపు రోగులందరికీ దారి చూపింది. మా మాట వాళ్లమీద కాదు. 25,000కీ 6 కోట్లకీ మధ్యనున్న దూరం గాయాల మధ్య దూరం కాదు, గాయపడ్డవాళ్ల మధ్య దూరం.

రుజువు సంగతీ అంతే. జేకబ్ మాథ్యూ తీర్పు (2005) తర్వాత డాక్టరు తప్పని నిరూపించాలంటే ఇంకో డాక్టరు చెప్పాలన్నది ఆనవాయితీ అయింది. వి.కిషన్‌రావు కేసు (2010) దాన్ని కొంత సడలించింది. హైదరాబాదులో ఒక ఆస్పత్రి మలేరియాకి టైఫాయిడ్ వైద్యం చేసింది, మనిషి పోయింది. జిల్లా ఫోరం 2 లక్షలిస్తే, నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది. తప్పు కళ్లకి కట్టినట్టున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుడు అక్కర్లేదని సుప్రీంకోర్టు ఆ 2 లక్షలు నిలబెట్టింది. ఇందులో ఒక విషయం గమనించాలి. ఆ భర్త మలేరియా శాఖలోనే అధికారి. జ్వరం పేరు తెలిసినవాడు కాబట్టి తప్పు పట్టుకోగలిగాడు. మన పేటలో జ్వరానికి మొదటి సూది వేసేది ఆర్.ఎం.పి. ఆయన చీటీ ఇవ్వడు. చీటీ లేకపోతే తప్పు జరగనట్టే.

మా ఇళ్లల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాళ్లం మేము. అందుకని కాయితాలన్నీ మా దగ్గరికే వస్తాయి. కాన్పు తర్వాత మంచం పట్టిన ఒకావిడ కోసం కేస్ షీట్ అడగడానికి ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్తే, ‘మీకెందుకయ్యా, చదివితే అర్థమవుద్దా’ అన్నారు. 2002 వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డు ఇవ్వాలి, మూడేళ్లు భద్రపరచాలి. ఇది దయ కాదు, విధి. ఆ నిబంధన చూపించి రాతపూర్వకంగా అడిగాక ఇచ్చారు. అర్థమూ అయింది.

5. ‘ప్రకటించారు’ అన్న మాట

పరిహారం అనే మాటకి పక్కన ఇంకో మాట తిరుగుతూ ఉంటుంది, ఎక్స్‌గ్రేషియా. దాని అర్థమే దయతో ఇచ్చేది. 2020 మేలో విశాఖ ఎల్.జి. పాలిమర్స్ గ్యాస్ లీకులో చనిపోయినవాళ్ల కుటుంబాలకి కోటి చొప్పున ప్రకటించారు. 2022 ఏప్రిల్ 13 రాత్రి మన జిల్లాలోనే ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెం పోరస్ ల్యాబ్స్‌లో మంటలంటుకుని, బీహారు వలస కూలీలతో సహా మనుషులు కాలిపోతే, ప్రభుత్వం ప్రకటించింది 25 లక్షలు. రెండూ ఫ్యాక్టరీలే, రెండూ రసాయనాలే. ఒకచోట కోటి, ఒకచోట పాతిక లక్షలు ఎందుకో ఎవరూ కారణం చెప్పలేదు. దయకి కారణం చెప్పక్కర్లేదు. తీర్పుకి చెప్పాలి. తీర్పు ఎంత లోపభూయిష్టమైనా దాన్ని మనం విమర్శించగలుగుతున్నాం, పైకోర్టుకి వెళ్లగలుగుతున్నాం. అందుకే హక్కు కావాలంటున్నాం.

ప్రతివాది పేరే దొరకని గాయాలు కూడా ఉన్నాయి. 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలతో ఆస్పత్రి పాలయ్యారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. పురుగుమందుల అవశేషాల మీదికి వేలు చూపించారు. ఆ మందు ఎవరు అమ్మారు, ఎవరు చల్లారు, నీళ్లలోకి ఎవరు రానిచ్చారు? కేసు వెయ్యాలంటే ఒక పేరు కావాలి. అందరూ కలిసి చేసినదానికి పేరు ఉండదు.

6. మేము అడిగేది

ఒకటి. రుజువు లేని ఆదాయం దగ్గర కూలీని శిక్షించడం ఆపాలి. ప్రాణానికీ, పనిచేసే శక్తికీ అందరికీ ఒకే కింది గీత ఉండాలి. రెండు. ఉచిత వైద్యం పొందేవాడిని వినియోగదారుల చట్టం నుంచి బయటపెట్టిన గీత చెరపాలి. మూడు. సరుకు బండి ఎక్కిన కూలీకి ఇన్సూరెన్సు చట్టంలోనే రావాలి. నాలుగు. మోటారు ప్రమాదం కేసుకి 1994లో తీసేసిన ఆరు నెలల గడువుని 2019 సవరణతో, 2022 ఏప్రిల్ 1 నుంచి, మళ్లీ తెచ్చారు. దాని మీద సుప్రీంకోర్టులో సవాళ్లు వెళ్లాయి. దాన్ని ఎత్తెయ్యాలి. మొగుడు పోయినావిడ పదకొండో రోజు దాటి మనుషుల్లో పడటానికే నెలలు పడుతుంది.

వచ్చిన డబ్బు విషయం కూడా అడగాలి. సుశమ్మ థామస్ కేసు (1994) నుంచి, చదువురానివాళ్ల పరిహారాన్ని బ్యాంకులో దీర్ఘకాలం డిపాజిట్ చెయ్యడం పద్ధతి అయింది. దళారులూ బంధువులూ తినెయ్యకుండా కాపాడ్డానికి పెట్టిందే, చాలామందికి మేలూ చేసింది. అయితే ఆవిడ గుడిసె మీద కప్పు వేసుకోవాలంటే తన డబ్బుకి తానే అర్జీ పెట్టుకోవాలి. దీన్ని యాంత్రికంగా అమలు చెయ్యొద్దని ఎ.వి.పద్మ కేసులో (2012) సుప్రీంకోర్టే అంది. ఆ మాటని ట్రిబ్యునల్లో గుర్తుచెయ్యాలి.

చట్టాలు మారేదాకా ఊరికే కూర్చోవాలని కాదు. న్యాయ సేవల చట్టం 1987 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకీ, ఆడవాళ్లకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరుని ఇవ్వాలి. ప్రమాదం ఎక్కడ జరిగినా తాము ఉండే చోటి ట్రిబ్యునల్లో కేసు వేసుకోవచ్చు. వినియోగదారుల కమిషన్‌కి గడువు రెండేళ్లు. కొందరికి ఉచితంగానూ కొందరికి డబ్బుకీ వైద్యం చేసే ఆస్పత్రిలో ఉచిత రోగి కూడా వినియోగదారుడేనని వి.పి.శాంత తీర్పే చెప్పింది. కాబట్టి ఆరోగ్యశ్రీ కార్డు మీద, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద, ప్రైవేటు ఆస్పత్రిలో చేరినవాళ్లకి ఆ తలుపు తెరిచే ఉందని మేము చదువుతున్నాం. ‘వచ్చినదాంట్లో ఇంత పర్సంటేజీ’ అని ప్లీడరు ఒప్పందం రాయించుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు.

పేటకొక్క పిల్లాడో పిల్లో డిగ్రీ చదువుతున్న కాలం ఇది. ఎఫ్.ఐ.ఆర్. నకలు, గాయాల సర్టిఫికెట్, పోస్టుమార్టం రిపోర్టు, డిశ్చార్జి చీటీ, మందుల బిల్లులు, కూలి ఎంతిచ్చేవారో తోటి కూలీల మాట, ఇవన్నీ మొదటి నెలలోనే ఒక సంచిలో పడేలా చూడటం వాళ్ల పని. కాయితం ఇవ్వం అని ఎవరైనా వెనక్కి పంపితే, తేదీ వేసి అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకుని రండి.